మూడు చుక్కలు పొడవని షబ్బాతు

మా యూదుల తోరా కాలేజీ హాస్టల్లో నేను పన్నెండేళ్లు వంట చేశాను. తోరా అంటే మా ధర్మశాస్త్రం. అది చదువుకోడానికి వచ్చిన కుర్రాళ్లని ఎంతమందినో చూశాను గానీ, మూడో నంబరు గదిలో ఉండే ఎలీషా, నఫ్తాలి, గిద్యోను లాంటివాళ్లని మాత్రం చూడలేదు. తమకి తెలివి ఎక్కువని ముగ్గురికీ గట్టి నమ్మకం. "చెప్పిన మాట చెప్పినట్టు అర్థం చేసుకునేది మేమే కెజియమ్మత్తా! మిగతావాళ్లు అనవసరంగా ఆలోచిస్తారు" అనేవాడు ఎలీషా, కాలరెగరేసి.

ఆ ఎలీషాకే మా అన్న కూతురు రిబ్కాని ఇద్దామని సంబంధం చూశాను. ఏం చెయ్యను, నోరు తెరవనంతసేపూ వాడంత బుద్ధిమంతుడు లేడు! మా అన్న షద్రకు ఆదివారం పొద్దున్నే వచ్చి అబ్బాయిని చూస్తానన్నాడు. ఈ సంబంధం చెడితే మా వదిన ముందు నేనిక తలెత్తుకోలేను.

శుక్రవారం మా మతగురువు, రబ్బీ ఒబద్యా గారు ఊరెళుతూ ముగ్గుర్నీ పిలిచారు. సెలవులు, హాస్టల్లో ఇంకెవరూ లేరు.

"నేను లేను కదా అని షబ్బాతు తప్పేరు! ఇవాళ పొద్దుగూకినప్పటినుంచి రేపు ఆకాశంలో మూడు చుక్కలు కనిపించేదాకా విశ్రాంతి దినం. ఈ ఇంట్లో ఏదీ పని చెయ్యకూడదు."

"ఏదీనా?" అన్నాడు గిద్యోను.

"ఏదీ!" అన్నారాయన. బస్సు తొందరలో ఉన్నారు, పాపం.

అంతే. ఆయన అటు వెళ్లారో లేదో వీళ్లు ఇల్లంతా వెతికారు, ఏవేం పని చేస్తున్నాయో అని. గోడ గడియారం పని చేస్తోంది. బ్యాటరీ పీకేశారు. షబ్బాతునాడు నిప్పు ముట్టించకూడదు కాబట్టి నేను ముందే కుంపటి రాజేసి, చిక్కుడుగింజలూ మాంసమూ కలిపి దానిమీదకెక్కించి, "రేపు మధ్యాహ్నం దాకా మూత తియ్యకండి, సన్నసెగ మీద అదే ఉడుకుతుంది" అని చెప్పి ఇంటికెళ్లాను. గిద్యోనుకి ఆ కుంపటి మీద జాలేసింది.

"మనం కాళ్లు బారజాపుకుని పడుకుంటాం, రాత్రంతా దీనిచేత చాకిరీ చేయిస్తామా?" అని, పొద్దు వాలకముందే నిప్పుల మీద చెంబెడు నీళ్లు కుమ్మరించాడు. ఇంకేముంది, మర్నాడు గింజలు కటకటా నమిలారు. మాంసం సంగతి మాత్రం అడక్కండి.

ఇక పెరట్లో నా పెట్టకోడి. "గుడ్డు పెట్టడం దాని పనే కదరా" అన్నాడు నఫ్తాలి. శనివారం తెల్లారగానే దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఈ ఒక్కరోజూ ఓర్చుకో తల్లీ" అని బతిమాలాడు. కోడి వింటుందా? వాడి ఒళ్లోనే పెట్టేసింది! షబ్బాతునాడు పెట్టిన గుడ్డు ఆ రోజు ముట్టుకోకూడదని మాకో నియమం.

"కదలకురోయ్!" అని అరిచాడు ఎలీషా. "లేస్తే పగులుతుంది, ముట్టుకుంటే పాపం. షబ్బాతు అయ్యేదాకా అలాగే కూర్చో."

సాయంత్రానికి మబ్బు పట్టింది. ఒక్క చుక్క లేదు.

"చీకటి పడింది కదరా, కాళ్లు తిమ్మిరెక్కిపోయాయి" అన్నాడు నఫ్తాలి.

"రబ్బీ గారు చీకటన్నారా, చుక్కలన్నారా?" అన్నాడు గిద్యోను. అలాగే తెల్లారిపోయింది.

ఆదివారం తొమ్మిదింటికి మా అన్నని వెంటబెట్టుకుని వచ్చాను. చూద్దును కదా, కుంపటి చల్లగా ఉంది. ఎలీషా జుట్టు రేగిపోయి చాప మీద పడున్నాడు. నఫ్తాలి ఒళ్లో గుడ్డుతో బిగుసుకుపోయి కూర్చున్నాడు.

"ఒరేయ్, ఇంటికి పెద్దమనిషొస్తే టీ అయినా పెట్టరేంరా?"

"షబ్బాతు కదత్తా."

"మీ మొహాలు మండ, ఇవాళ ఆదివారం!"

"చుక్కలు పొడవకుండా ఆదివారం ఎలా వస్తుందత్తా?" అని నన్నే జాలిగా చూశాడు ఎలీషా.

నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది. అన్న ఏమంటాడో అని గుండె చిక్కబట్టుకుని చూస్తే, ఆయన పడీపడీ నవ్వుతున్నాడు! మిరపకాయల వ్యాపారం ఆయనది. పొద్దున ఒక మాట, సాయంత్రం ఒక మాట చెప్పేవాళ్లతో విసిగిపోయాడు.

"కెజియా, మాట మీద ఇంతలా నిలబడే అల్లుడు ఎక్కడ దొరుకుతాడే!" అని గుడ్డు తనే తీసి నా చేతిలో పెట్టాడు. ఎలీషా భుజం తట్టి, "గురువారం అమ్మాయిని చూడ్డానికి మీ స్నేహితులతో రా బాబూ. మొహమాటపడకు. మా ఇల్లు మీ ఇల్లే అనుకో" అన్నాడు.

వద్దన్నయ్యా, వాళ్లతో అలాంటి మాటలు అనకు అనేలోపే అనేశాడు.

గురువారం నేనూ, అన్నా, వదినా, రిబ్కా అన్న ఇంటి తలుపు ఊరికే దగ్గరకేసి, పూలూ పళ్లూ కొనడానికి బజారుకెళ్లాం. తిరిగొచ్చేసరికి తలుపు లోపల గడియ పెట్టుంది. తడితే ఎలీషా తీశాడు. తలస్నానం చేసి, మా అన్న లుంగీ కట్టుకున్నాడు. వెనకాల నఫ్తాలి మంచమెక్కి గురక పెడుతున్నాడు. గిద్యోను మా వదిన చేసిన బొబ్బట్ల గిన్నె ఊడ్చేస్తున్నాడు.

"రండి రండి, ఎండనపడి వచ్చారు" అని చేతులు జోడించాడు ఎలీషా. "అమ్మాయిని కూడా తీసుకొచ్చారే, మంచిపని చేశారు! కూర్చోండి. నాకు అమ్మాయి నచ్చింది. మరి మా ఇల్లు మీకు నచ్చిందా?"

మా అన్న తల గోక్కుని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఆలోచించుకుని చెబుతాం బాబూ" అన్నాడు.

"అలాగేనండి. ఇంటికెళ్లి నింపాదిగా ఆలోచించుకుని కబురు పెట్టండి" అని మా నలుగుర్నీ మర్యాదగా గుమ్మం దాటించి, తలుపేసి గడియ పెట్టుకున్నాడు.

ఎండలో నిలబడ్డాం. రిబ్కా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ, "ఒప్పేసుకో నాన్నా, లేకపోతే మనం ఇంట్లోకి వెళ్లేదెలా?" అంది.