కొండ దిగిన కరెంటు ఆటో

అనగనగా ఒక కొండ అడవి. ఆ కొండ మీద ఎటు చూసినా సీతాఫలం చెట్లే. పండ్లు పండేది పైన, సంత జరిగేది కింద వాగు ఒడ్డున. మధ్యలో మెలికలు తిరిగిన వాలు దారి. ఆ దారిలో పండ్ల బుట్టలు దించడానికి ఆటోలు తిరిగేవి. అడవిలో ఆటోలేమిటని అడగకండి. జంతువులు మాట్లాడతాయంటే ఊకొడతారు, ఆటో నడుపుతాయంటే నమ్మరా?

పెట్రోలు ఆటో ఎలుగుబంటి బైరాగిది. కొత్తగా వచ్చిన కరెంటు ఆటో నడిపేది నూకాలు అనే ముళ్లపంది. ముళ్లపంది ఆటో నడిపితే పక్కన కూర్చున్నవాళ్లు కాస్త సర్దుకుని కూర్చోవాలి, అంతే. నడిపేదానికి ఏ ఇబ్బందీ లేదు.

ఆ కరెంటు ఆటో నూకాలు సొంతం కాదు. అడవిలోని జంతువులన్నీ తలా ఇన్ని చింతగింజలు వేసుకుని కొన్నాయి. అక్కడ డబ్బంటే చింతగింజలే. అడవికి పెద్దదిక్కు ఏనుగు గవరమ్మ. బండి అప్పగించేటప్పుడే ఆమె తేల్చి చెప్పింది.

"ఇదిగో నూకాలూ, మూడు సంతలు చూస్తాను. ట్రిప్పుకయ్యే ఖర్చు బైరాగి ఆటో కన్నా తగ్గితే బండి నీకే ఇచ్చేస్తాం. తగ్గకపోతే అమ్మేస్తాం. ఇవి అందరి గింజలు, నా ఒక్కదానివి కావు."

"అలాగే పెద్దమ్మా" అంది నూకాలు.

అనడమైతే అంది గానీ, ఆ బండి చేజారితే ఆమెకి గడవదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. దుంపలు తవ్వి వాళ్లని సాకుతోంది. ఎండలు ముదిరితే కొండ గట్టిపడిపోతుంది, ఎంత తవ్వినా ఒక్క దుంప రాదు. పోయిన వేసవిలో పిల్లలు ఆకలికి ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. ఆ ఏడుపు మళ్లీ వినకూడదని ఆమె పంతం పట్టింది. ఈ ఆటో చేతిలో ఉంటే కిరాయి గింజలు దాచుకుని వేసవి గడపొచ్చు.

నూకాలుకి బండి నడపడం నేర్పింది బైరాగే. ఆ కొండ మీద ఆటోవాళ్లకి ఒక అలవాటుంది. పైమలుపు దగ్గర ఇంజన్ ఆపేసి, కింద వాగు దాకా బ్రేకు మీద జారుకుంటూ దిగిపోతారు.

"చూడమ్మాయ్, దిగేటప్పుడు తాళం ఆన్‌లో ఉందంటే ఖర్చు దండగ. మలుపు రాగానే టక్కున ఆపేయాలి" అని బైరాగి నేర్పాడు. నూకాలు బుద్ధిగా అలాగే చేసింది.

మొదటి సంత అయింది. గవరమ్మ ఇద్దర్నీ పిలిచింది.

"బైరాగీ, ట్రిప్పుకి ఎంతయింది?"

"పెట్రోలుకి పది గింజలు. ఇంజన్ ఆయిలుకీ రిపేర్లకీ రెండు. మొత్తం పన్నెండు."

"నీకెంత నూకాలూ?"

"చార్జింగుకి ఆరు. ఎప్పుడో ఒకప్పుడు బ్యాటరీ పాతబడుతుంది కదా పెద్దమ్మా, కొత్తది కొనడానికి పక్కన పెట్టాల్సింది ఏడు. మొత్తం పదమూడు."

ఒక్క గింజ ఎక్కువ! నూకాలు ముఖం వాడిపోయింది.

రెండో సంతకి ఇంకా జాగ్రత్తపడింది. చక్రాల్లో గాలి సరిచూసుకుంది. ఎక్కేటప్పుడు నెమ్మదిగా పోనిచ్చింది. అయినా మళ్లీ పదమూడే. బైరాగికి మళ్లీ పన్నెండే.

ఆ సాయంత్రం కొండముచ్చు సోములు చెట్టు మీంచి దిగి వచ్చాడు. సోములుది పక్కవాళ్లకి సలహాలివ్వడం తప్ప వేరే పనిలేని బతుకు.

"ఎందుకక్కా దిగులు? ఈ బ్యాటరీ రెట్టింపు కాలం వస్తుందని అమ్మినవాడు అన్నాడని చెప్పు. ఏడు గింజలు మూడున్నర అయిపోతాయి. అతనెక్కడో పట్నంలో ఉన్నాడు, అడిగేదెవరు?"

నిజం చెప్పాలంటే, నూకాలు మనసు ఒక్క క్షణం అటు లాగింది. పిల్లల ముఖాలు కళ్ల ముందు మెదిలాయి. కానీ తల విదిలించుకుంది.

"వద్దు సోములూ. బ్యాటరీ చచ్చిన రోజున ఆటో కదలదు. అప్పుడు నా అబద్ధం వచ్చి తోస్తుందా? చేతిలో గింజలుండవు, అడవిలో మాట ఉండదు. ఖర్చు నిజంగానే తగ్గించాలి. ఎక్కడ పోతోందో కనిపెట్టేదాకా నేను వదలను."

"నీ ఖర్మ!" అని సోములు తోక ఊపుకుంటూ పోయాడు.

మూడో సంత రోజు తెల్లారేసరికి కొండంతా మంచు కమ్మేసింది. అడుగు దూరంలో దారి కనపడలేదు. నూకాలు బుట్టలు నింపుకుని పైమలుపు దగ్గరికి వచ్చింది. అలవాటు చొప్పున తాళం ఆపేసింది. వెంటనే లైటు కూడా ఆరిపోయింది. ఇంకేముంది, ఎదురుగా అంతా తెల్లటి గోడ! లోయలో పడితే పండ్లతో పాటు తనూ పోతుంది.

"ఖర్చయితే అయింది, ముందు ప్రాణం" అనుకుని తాళం ఆన్ చేసి, లైటు వెలుగులో దిగసాగింది.

కొంత దూరం దిగాక రెండు వింతలు జరిగాయి. బ్రేకు పెద్దగా తొక్కకుండానే బండి తనంతట తనే నిదానించింది. ముందు చార్జింగు చూపే చిన్న అద్దంలో గీతలు తగ్గాల్సింది పోయి, ఒకటి పెరిగింది.

"ఇదేం చోద్యం!" అనుకుంది నూకాలు. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. గీత అక్కడే ఉంది.

ఒక్కసారి చూసి ఎగిరి గంతేసే రకం కాదు నూకాలు. మంచు విడిపోయాక, రెండో ట్రిప్పు కావాలని తాళం ఆపేసి దిగింది. గీత పెరగలేదు. మూడో ట్రిప్పు తాళం ఆన్‌లో ఉంచి దిగింది. గీత పెరిగింది. అప్పుడు ఆమెకి విషయం అర్థమైంది. పండ్ల బరువుతో దిగేటప్పుడు చక్రాలే మోటారుని తిప్పుతున్నాయి. తాళం ఆన్‌లో ఉంటే ఆ తిప్పుడు కరెంటై బ్యాటరీలోకి చేరుతోంది. ఇన్నాళ్లూ ఖర్చు మిగులుస్తున్నాననుకుని, వస్తున్న కరెంటుని ఆమే ఆపేసుకుంది!

ఆమెకి నవ్వొచ్చింది, తన మీద కోపమూ వచ్చింది. ఆ రోజంతా తిండి కూడా మానేసి, తాళం ఆన్‌లోనే ఉంచి, ట్రిప్పు మీద ట్రిప్పు వేసింది.

సంత ముగిసే వేళకి గవరమ్మ ఖర్చులడిగింది. బైరాగి "పన్నెండు" అన్నాడు. నూకాలు గొంతు సవరించుకుంది.

"తాళం ఆపి దిగిన ట్రిప్పుకి ఎప్పటిలాగే పదమూడు పెద్దమ్మా. మిగతావాటికి చార్జింగుకి మూడే. బ్యాటరీకి ఏడు. మొత్తం పది."

గవరమ్మ చెవులు విప్పార్చింది.

"ఆరు మూడెలా అయిందే? ఏమన్నా దాచావా?"

"దాచలేదు. కావాలంటే ఎక్కి చూడండి."

గవరమ్మ ఎక్కితే ఆటో ఏమవుతుందో మీకు తెలుసు. అందుకని బైరాగిని పంపింది. ముళ్లు గుచ్చుకోకుండా ఒదిగి కూర్చున్నాడు బైరాగి. పండ్లతో ఆటో పైమలుపు దగ్గరికి రాగానే అతని చెయ్యి తనకు తెలియకుండానే తాళం మీదికి పోయింది.

"అన్నా, చెయ్యి తియ్యి" అంది నూకాలు గట్టిగా.

బైరాగి చెయ్యి తీశాడు. వాగు దగ్గరికి చేరేసరికి గీత పెరిగింది. అతను బండి దిగి, నేరుగా గవరమ్మ దగ్గరికి నడిచాడు.

"నూకాలు చెప్పింది నిజమే పెద్దమ్మా. బండి ఖర్చు పెంచింది నేను నేర్పిన అలవాటే. అది నా బండికి సరిపోయింది, ఈ కరెంటు బండికి కాదు."

గవరమ్మ తొండంతో తాళం తీసి నూకాలు చేతిలో పెట్టింది.

"బండి నీది."

నూకాలు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. వాటిని తుడుచుకుని, "పైన ఇంకా బుట్టలున్నాయి పెద్దమ్మా, తెచ్చేస్తాను" అని బండెక్కింది.

ఆ వేసవిలో కొండ మామూలుగానే గట్టిపడింది, దుంపలు దొరకలేదు. నూకాలు పిల్లలు మాత్రం రోజూ కడుపు నిండా తిని, నవ్వుకుంటూ నిద్రపోయారు.

నీతి: ఖర్చు ఎక్కువైందని దాన్ని దాచిపెడితే నష్టం తగ్గదు; ఎక్కడ తప్పుతోందో పట్టుదలగా వెతికి, కొత్త పనికి తగ్గట్టు పాత అలవాటు మార్చుకున్నవారే గెలుస్తారు.