గోడవైపు తిప్పిన కుర్చీ

ఆ వారమంతా సుధాంశుకి అన్నం సయించలేదు. ఆదివారం మధ్యాహ్నం తన బల్ల దగ్గర ఎవరో ఒకరు చచ్చిపోవడం ఖాయంగా కనిపిస్తోంది.

చచ్చేది మనిషి కాదు, ఆటలో పాత్ర. ఈ మాట చెబితే ఇంట్లో అతని భార్య పడీ పడీ నవ్వింది. కానీ రెండేళ్ళపాటు వారం వారం ఒక పాత్రకి తన గొంతూ, తన కోపమూ, తన బుద్ధీ ఇచ్చి ఆడినవాళ్ళని అడగండి. ఒక్కరూ నవ్వరు.

ఆట అతనికి నేర్పింది జిలానీ మాస్టారు. గుంటూరులో మునిసిపల్ హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైన మనిషి. ఈ ఆటలో బల్ల దగ్గర ఒకరు కథ నడుపుతారు. అడవి, కోట, గుహలో రాక్షసి, అన్నీ ఆయనే. మిగతావాళ్ళు తలా ఒక వీరుడై, ఏం చేస్తున్నారో నోటితో చెబుతూ ఆ కథలో నడుస్తారు. వేసిన కత్తి తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. వీరులకి గుర్తుగా బల్ల మీద చిన్న చెక్కబొమ్మలుంటాయి. వాటిని మాస్టారే చెక్కి రంగులు వేసేవారు.

చావుకీ ఒక నియమం ఉంది. దెబ్బలు తిని తిని ఆయువు సున్నాకొస్తే వీరుడు వెంటనే చావడు, పడిపోతాడు. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడల్లా అతని పేరున పాచిక వేస్తారు. పది దాటితే మంచి, దాటకపోతే చెడు. ముందు మూడు మంచివి పడితే ప్రాణం నిలుస్తుంది. ముందు మూడు చెడ్డవి పడితే అంతే సంగతులు. ఈలోగా తోటివాడు ఒకడు పోరాటం వదిలి దగ్గరికొచ్చి గాయం నొక్కిపడితే చాలు, ఇక పాచికతో పనిలేదు, బతుకుతాడు.

మాస్టారి బల్ల దగ్గర దీనికి తోడు ఒక ఆచారం ఉండేది. పడిపోయినవాడు తన కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చోవాలి. మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు. ఎవరైనా వచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా అంతే.

సుధాంశు సొంతంగా ఆట పెట్టాక ఆ ఆచారం వదిలేశాడు. పెద్దవాళ్ళని బడిపిల్లల్లా గోడకేసి కూర్చోబెట్టడమేమిటని అతని బాధ.

అసలు బాధ వేరే ఉంది. ఆట పెట్టిన కొత్తలో భానోజీ అనే ఆటగాడి వీరుడు చనిపోయాడు. భానోజీ లేచాడు. బ్యాగు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. మళ్ళీ రాలేదు, ఫోనూ ఎత్తలేదు. అప్పట్నుంచీ సుధాంశు తన ముందు ఒక అట్ట నిలబెట్టుకుని చావు పాచికలు దాని వెనకాల వేయడం మొదలుపెట్టాడు. పాచిక మీద ఒకటి కనబడినా సరే, "మంచిదే పడింది" అనేవాడు. ఎవరూ చావలేదు. ఆట బ్రహ్మాండంగా ఉందన్నారు అందరూ. అతనికి మాత్రం పాచిక ముట్టుకోవాలంటేనే భయం.

ఇప్పుడు కథ అగ్గిపాము గుహలోకి వచ్చింది. శర్వాణి ఆడే విలుకత్తె వెన్నెలకి ఆయువు కొంచెమే మిగిలింది. శర్వాణి తల్లికి వారం వారం డయాలసిస్ చేయిస్తున్నారు. "అన్నా, వారం మొత్తం మీద నేను ఊపిరి పీల్చుకునేది ఇక్కడొక్కచోటే" అంది ఆ అమ్మాయి ఒకసారి. ఆ మాట విన్న దగ్గర్నుంచీ వెన్నెలకి చిన్న గీత పడినా సుధాంశుకి చెమటలు పట్టేవి. ఈ పిల్ల కూడా బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోతే?

శనివారం సాయంత్రం మాస్టారింటికి వెళ్ళాడు. ఆయన వరండాలో కూర్చుని ఒక బొమ్మకి కనుబొమలు దిద్దుతున్నారు.

"మాస్టారూ, ఎవరూ చావకుండా ఆడే నియమం ఏదైనా ఉంటే చెప్పండి."

"ఇప్పుడు నీ దగ్గర ఎవరైనా చస్తున్నారా?"

"లేదండీ."

"మరి?"

సుధాంశు తల వంచుకుని అట్ట సంగతి మొత్తం చెప్పేశాడు. చీవాట్లు తినడానికి సిద్ధమయ్యే వచ్చాడు.  మాస్టారు రెండో కనుబొమ కూడా పూర్తి చేసి, బొమ్మని వెలుతురుకి పెట్టి చూసుకున్నారు. దీపం పట్టుకున్న ముసలి వైద్యుడి బొమ్మ అది.

"రేపు నాకూ ఒక కుర్చీ వెయ్యి నాయనా. ఆడతాను."

ఆదివారం, మూతపడ్డ టైలరింగ్ షాపు మీద గదిలో ఆట. కరెంటు లేదు. కిటికీలు బార్లా తెరిచినా ఉక్కపోతగానే ఉంది. శర్వాణి పక్కన జోజి, నాగశేషు కూర్చున్నారు. జోజి వీరుడు పెద్ద కత్తి తిప్పే యోధుడు, నాగశేషుది మంత్రగాడు. చివరి కుర్చీలో మాస్టారు.

గుహలోకి అడుగుపెట్టగానే మాస్టారి వైద్యుడు అందరికన్నా ముందు నడిచాడు.

"మాస్టారూ, మీరు ముందుకెళ్ళకండి!" అన్నాడు నాగశేషు.

"చీకటిగా ఉందిగా. మీకు దీపం చూపించొద్దూ?"

అగ్గిపాము ఒక్కసారి బుసకొట్టింది. వైద్యుడు పడిపోయాడు.

మాస్టారు లేచి, కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నారు.

"ఇదేంటి మాస్టారూ, అలిగారా?" అని నవ్వాడు జోజి. మాస్టారు గోడనే చూస్తున్నారు. జోజి భుజాలెగరేసి తన కత్తి సంగతి చూసుకున్నాడు.

మాస్టారి వంతు వచ్చింది. సుధాంశు అట్ట వెనకాల పాచిక వేశాడు. ఆరు.

"మంచిదే పడింది" అన్నాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఎవరూ తలెత్తలేదు. జోజి పాము తోక నరుకుతున్నాడు. నాగశేషు ఏ మంత్రం వేయాలా అని ఆలోచిస్తూ మిక్చరు నములుతున్నాడు. వెన్నెల పడిపోయిన వైద్యుడి పక్కనే నిలబడి, పాము పుట్టలో మెరుస్తున్న మణులు ఏరుకుంటోంది.

మళ్ళీ వంతు వచ్చింది. మూడు.

 ఇంకొక్క చెడ్డది పడితే మాస్టారు పోతారు. ఎవరైనా అటు చూస్తే బాగుండు. చూడండి అని చెబుదామంటే, ఇందాక ఆడిన అబద్ధం బయటపడుతుంది. "ఇది కూడా... మంచిదే" అన్నాడు.

"మాస్టారికేం, గట్టి మనిషి" అన్నాడు నాగశేషు, తన బొమ్మని పుట్టవైపు జరుపుకుంటూ.

సుధాంశు గోడవైపు చూశాడు. చెమటకి తడిసి వీపుకి అంటుకుపోయిన తెల్ల చొక్కా. వంగిన భుజాలు. మాస్టారు కదలకుండా కూర్చున్నారు. ఆ భుజం మీద చెయ్యి వేయాలన్న ఆలోచన ఈ గదిలో ఎవరికీ రాలేదు. ఎందుకు వస్తుంది? ఈ బల్ల దగ్గర పడినవాళ్ళు ఊరికే లేస్తారని అందరికీ తెలుసు. వాళ్ళకి అది నేర్పింది తనే. 

మూడోసారి వంతు వచ్చింది. సుధాంశు అట్ట తీసి కింద పెట్టేశాడు. అందరూ చూస్తుండగా బల్ల మధ్యలో పాచిక వేశాడు. అది దొర్లి దొర్లి మణుల పక్కన ఆగింది.

నాలుగు.

"చెడ్డది పడిందే" అన్నాడు జోజి. "పోనీలే, ఇదొక్కటేగా."

"మూడోది" అన్నాడు సుధాంశు. "ముందు రెండూ కూడా చెడ్డవే. అబద్ధం చెప్పాను. మీ అందరికీ ఎప్పట్నుంచో చెబుతూనే ఉన్నాను. మాస్టారు... వైద్యుడు పోయాడు."

నాగశేషు మిక్చరు పొట్లం పక్కన పెట్టేశాడు. శర్వాణి ముఖం ఎర్రబడింది.

"నేను పక్కనే ఉన్నానన్నా! చెయ్యి చాపితే అందేవాడు. ఒక్క మాట చెప్పుంటే వచ్చేదాన్ని కదా!"

 మాస్టారు కుర్చీ ఇటు తిప్పారు.

"విన్నావా?" అన్నారు.

అంతే. ఆ తర్వాత ఫ్లాస్కు అందుకుని టీ పోసుకుంటూ, జోజి అడిగితే గోడవైపు కుర్చీ ఆచారమేమిటో చెప్పారు. సుధాంశు ఆట ఆపేద్దామని బొమ్మలు తీయబోతే, "పాము ఇంకా బతికే ఉందిగా" అన్నారు. కింద పడున్న అట్ట తీసుకుని దాంతో విసురుకోవడం మొదలుపెట్టారు.

ఆట సాగింది. కాసేపటికి పాము తోక తిప్పి కొట్టింది. ఏ దెబ్బకి భయపడి సుధాంశు వారమంతా అన్నం మానేశాడో ఆ దెబ్బే. వెన్నెల ఆయువు సున్నాకొచ్చింది.

శర్వాణికి ఎవరూ గుర్తుచేయలేదు. తనే లేచి కుర్చీని గోడవైపు తిప్పుకుంది.

సుధాంశు పాచిక వేశాడు. ఈసారీ బల్ల మధ్యలోనే. రెండు. చెడ్డది. గోడవైపు తిరిగిన శర్వాణికి పాచిక దొర్లిన చప్పుడు మాత్రమే వినిపించింది. వేళ్ళతో చున్నీ చివర మెలిపెడుతోంది.

జోజి వంతు. అతని యోధుడి కత్తి పాము మెడకి అందే దూరంలో ఉంది. ఒక్క వేటుతో పాము చచ్చేది. జోజి ఆ మెడవైపు చూశాడు, గోడ దగ్గర కుర్చీవైపు చూశాడు.

"కత్తి వదిలేస్తున్నాను. వెన్నెల దగ్గరికి పరిగెత్తుతున్నాను."

"వెనకనుంచి పాము కాటేస్తుంది" అన్నాడు సుధాంశు. చెప్పడం అతని ధర్మం.

"వేస్తే వెయ్యనీ."

వేసింది. జోజి ఆయువు సగానికి సగం పోయింది. అయినా చేరుకున్నాడు. కుర్చీలోంచి లేచి వెళ్ళి శర్వాణి భుజం మీద చెయ్యి వేశాడు. గాయం నొక్కిపట్టడానికి ఒకడు చాలు, నియమం ప్రకారం రెండోవాడి అవసరమే లేదు. అయినా నాగశేషు కూడా మంత్రం మానేసి లేచాడు. రెండో భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎవరూ?" అంది శర్వాణి, వెనక్కి తిరక్కుండానే. 

"ఇద్దరమూ" అన్నాడు జోజి.

ఆ సందులో పాము పుట్టలోకి జారుకుంది. మణులూ పోయాయి. అక్కడికి ఆట ఆపారు.

అందరూ బొమ్మలు సర్దుకుంటుంటే శర్వాణి బ్యాగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళింది. సుధాంశు చేతిలో బొమ్మలు పక్కన పెట్టేశాడు.

"వచ్చే ఆదివారం..." అన్నాడు, మిగతాది అడగలేక.

"ఆ పాముని ఊరికే వదిలేస్తామా అన్నా?" అని, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగింది. జోజి, నాగశేషు ఆమె వెనకే వెళ్ళారు.

మాస్టారు వరండాలోకి వెళ్ళి చెప్పులు వేసుకుంటున్నారు. గోడ దగ్గర కుర్చీ ఇంకా అలాగే ఉంది. సుధాంశు దాన్ని సర్దబోయి, ఏమనిపించిందో, అందులో కూర్చున్నాడు. ఎదురుగా వెల్ల పెచ్చులూడిన గోడ తప్ప ఏమీ లేదు. భానోజీ గుర్తొచ్చాడు. ఆ రోజు భానోజీ వీరుడు పడిపోయినప్పుడు కూడా దగ్గరికి ఎవరూ వెళ్ళలేదు. మెట్లు దిగిపోతున్నప్పుడూ ఎవరూ వెళ్ళలేదు, తనతో సహా.

ఎంతసేపు కూర్చున్నాడో తెలియదు. భుజం మీద ఒక చెయ్యి పడింది.

"లే నాయనా" అన్నారు మాస్టారు. "తాళం వేద్దాం."