నాలుగొందల పన్నెండు రివెట్ల పరీక్ష

అనకాపల్లిలో కార్ల బాడీలు కట్టే చిట్టెంనాయుడంత బుర్ర గలవాడు ఏడు జిల్లాల్లో లేడు. ఈ మాట ఎవరన్నారంటే చిట్టెంనాయుడే అన్నాడు. తమ్ముళ్ళు గవరయ్య, పోలయ్య అవునవునని తలలూపారు. ఆ ఊపుకి షెడ్డు కప్పు గలగలలాడింది.

షెడ్డు మాత్రం మేనత్త పైడమ్మది. "ఒరే, శుక్రవారానికి ఆ కారు అప్పగించారా సరే, లేదా షెడ్డులో నా గేదెల్ని కట్టించేస్తాను!" అని ఆవిడ ఒట్టేసి మరీ చెప్పింది.

కారు జగ్గారావుగారిది. పాత బాడీని తుప్పు తినేస్తే, తేలిగ్గా ఉండాలని అల్యూమినియం రేకులతో కొత్తది కట్టమన్నారు. అతుకులన్నీ రేకుల్ని కలిపి బిగించే రివెట్లే. "రివెట్టు ఎంత బలానికి తెగుతుందో లాగి చూసి, చీటీ రాసి మరీ ఇవ్వండి" అని చెప్పి వెళ్ళారు.

అంతే! బాడీ కట్టేశారు. ఆ మెరుపుకి ఆకాశంలో కాకులు దారి తప్పాయి. చిట్టెంనాయుడు అత్త గేదెను తెచ్చి, ఒక అతుకుకి తాడు కట్టి అదిలించాడు. టప్! "ఒక గేదె బలం" అని చీటీ రాశాడు.

"సరిపోయింది కదన్నయ్యా" అన్నాడు గవరయ్య.

"ఓరి వెర్రోడా! ఈ రివెట్టు సంగతి తెలిసింది. పక్కదాని సంగతి దాని మొహం చూసి చెప్తావా?"

ఇంకేముంది! నాలుగొందల పన్నెండు రివెట్లూ లాగేశారు. ఒక గేదెకి తెగనివి రెండింటితో, రెండింటికీ తెగనివి మూడింటితో. ఆ చప్పుళ్ళకి తుని స్టేషన్లో రైలు పచ్చజెండా చూడకుండానే పరుగెత్తింది.

శుక్రవారం జగ్గారావుగారు వచ్చేసరికి చక్రాల మీద సీట్లు, పక్కన రేకుల కుప్ప, దాని మీద చీటీల గుట్ట.

"ఏట్రా ఇది! ఒక్కటైనా తెగకుండా ఉంచలేదా?"

"తప్పు కదండీ! ఉంచితే దాన్ని పరీక్ష చెయ్యనట్టేగా!"

జగ్గారావుగారు నెత్తి బాదుకున్నారు. "రేకులు పట్టుకుని ఎక్కండి! పక్క వీధి షెడ్డులో రివెట్లు వేయించుకుంటాను. దారిలో చేతులు వదిలారో, చూడండి!"

చిట్టెంనాయుడి ప్రాణం లేచొచ్చింది. కారు గేటు దాటితే అప్పగించినట్టే, షెడ్డు దక్కినట్టే! కప్పు తను పట్టుకున్నాడు, చెరో పక్కా తమ్ముళ్ళు. కారు కదిలింది. గేటు దగ్గర పైడమ్మ నిలబడి ఉంది.

పెద్దవాళ్ళు కనబడితే రెండు చేతులూ జోడించాలని చిన్నప్పుడు నేర్పింది ఆవిడే. ముగ్గురూ భక్తిగా జోడించారు.

అంతే! ఎడమ రేకు కాలవలో, కుడి రేకు బజ్జీల బండి మీద, కప్పు పైడమ్మ కాళ్ళ దగ్గర. జగ్గారావుగారు స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

"అయిందిరా మీ పని! గేదెల్ని తోలుకొచ్చి షెడ్డులో కట్టండి. పలుపుతాళ్ళు గట్టివో కాదో చూసి మరీ కట్టండి!" అని అరిచి వెళ్ళింది పైడమ్మ.

సాయంత్రం ఆవిడ వచ్చి చూస్తే షెడ్డు ఖాళీ. ఏడు గేదెలూ ఎలమంచిలి దాటేశాయి. చిట్టెంనాయుడు ఎదురొచ్చి, ఏడు చీటీలు ఆవిడ చేతిలో పెట్టాడు.

"నీ పలుపులకి తిరుగులేదత్తా! ఒక్కోటీ ఒక్కో గేదె బలం. తెగేదాకా ఎంత గట్టిగా ఉన్నాయో!"