నీలాలు ఇంకా ఏట్లోనే ఉంది

రాళ్ళకోట రాజుగారికి తోలుబొమ్మలాటంటే ప్రాణం. కిందటేడు ఆడిన నీలాలు కథనే మళ్ళీ ఆడమని ముక్తాబాయిని పిలిపించారు. ఆట మధ్యలో తమ సరుకుల దండోరా వేయించమని వర్తకులు దివాను వెంటపడ్డారు.

"పిల్లని ఏట్లోంచి లాగే ఘట్టం తీసెయ్. అక్కడ నూనె శెట్టిగారి దండోరా పడాలి. చూసిన ఆటే కదా, ఎవరడుగుతారు? కాదంటే బొమ్మలు సర్దుకుని పో," అన్నాడు దివాను.

"చిత్తం దొరా," అంది ముక్తాబాయి.

దీపాలు పెట్టగానే ఆట మొదలైంది. పెళ్ళి నిశ్చయమైన నీలాలు ఏరు దాటుతూ వరదలో పడింది. ముక్తాబాయి ఆ బొమ్మను, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే, ఈతముల్లుతో తెరకు గుచ్చి వదిలేసింది. గానుగ నూనె దండోరా మోగింది. తర్వాత తెర మీదికి పెళ్ళిపందిరి వచ్చింది. పీటల మీద పెళ్ళికొడుకు ఒక్కడే ఉన్నాడు.

"పెళ్ళికూతురేదీ?" అన్నారు రాజుగారు.

"ఇంకా ఏట్లోనే ఉంది ప్రభూ. ఒడ్డుకు లాగాల్సిన చోట నూనె వచ్చింది. లాగకుండా పీటల మీదికి ఎలా తేను?"

అందరికంటే ముందు నూనె శెట్టే అరిచాడు. "నా దండోరా వద్దు, ఏమీ వద్దు! ముందు పిల్లని బయటికి తియ్యి తల్లీ!"

రాజుగారు తలూపారు. ముసలి పడవవాడి బొమ్మ కదిలింది. దీపం వెలుగులో తోలు మీది నీలిరంగు నిజంగానే నీరై పొంగింది. అతని చెయ్యి అందినట్టే అంది జారింది. జనం ఊపిరి బిగబట్టారు. మళ్ళీ అందింది. నీలాలు ఒడ్డెక్కేసరికి కోటంతా చేతులు జోడించి ఉంది.

ముక్తాబాయి తెర పక్కనుంచి తొంగిచూసింది. దివాను తలపాగా ఊడి పడినా తెలియక, మునివేళ్ళ మీద నిలబడి ఉన్నాడు.

"చూసిన ఆటే కదా దొరా," అంది, "ఎందుకు లేచారు?"