గవరమ్మ జాన

ఒకప్పుడు మన ఒంట్లోని కణంలో కొన్ని జన్యువులు ఇప్పుడున్న చోట ఉండేవి కావు. కణం అంటే కంటికి కనిపించనంత చిన్న ఊరు. ఆ ఊరికి ఒక పొయ్యి ఉంది, ఆ జన్యువుల కాపురం అప్పట్లో దాని దగ్గరే. దాని పేరు మైటోకాండ్రియా. నోరు తిరగకపోతే పొయ్యి అనే అనండి, అదేమీ అనుకోదు.

పొయ్యి పక్కనే తిరగలి. పొయ్యి మండితే తిరగలి తిరిగేది, తిరగలి తిరిగితే శక్తి గింజలు రాలేవి. ఊరంతా ఆ గింజలు తినే బతికేది.

తిరగలికి ఇరుసు ఎంత ఉండాలో తెలిసిన జన్యువు ఒక్కతే, గవరమ్మ. ఆమె జాన పెట్టి చూపిస్తే పనివాళ్ళు ఇరుసు చెక్కేవాళ్ళు. పొయ్యి పెట్టిన రోజున పసుపు అద్దిన అరచెయ్యి గోడకు వేసింది కూడా ఆమే. ఆ ముద్ర చూపించి, ఈ చెయ్యి లేకపోతే మీకు కూడు లేదని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేది. నిజమే, కానీ రోజూ చెప్పాలా?

పొయ్యి అన్నాక పొగ ఉంటుంది. ఆ పొగ పడక తక్కిన జన్యువులు చాలామంది ఊరి నడుమ ఉన్న పెద్దింటికి వెళ్ళిపోయారు. మందపాటి గోడల ఆ ఇంటి పేరు కేంద్రకం. గవరమ్మను కూడా రమ్మంటే మూతి ముడిచింది. పొయ్యి కనబడని చోట కూర్చుని తానేం చేస్తుందట.

ఒకరోజు కొత్త ఇరుసు బిగించగానే తిరగలి కిర్రుమని ఆగిపోయింది. ఇంకోటి చెక్కారు, అదీ అంతే. గవరమ్మ పనివాళ్ళను తిట్టింది, చెక్కను తిట్టింది, గాలిని తిట్టింది. గింజలు రాలడం ఆగిపోయింది. ఊరు చల్లబడసాగింది. పొయ్యికి కట్టెలు తెచ్చే మోతగాళ్ళు దారిలోనే చతికిలబడ్డారు. ఆకలితో వచ్చినవాళ్ళు పొయ్యి చుట్టూ నిలబడ్డారు. వాళ్ళను చూశాక గవరమ్మ తిట్టడం మానేసింది.

పొయ్యి చూసుకునే పోలినాయుడు మెల్లగా దగ్గరికొచ్చాడు.

"పెద్దమ్మా, కోప్పడకు. ఓసారి నీ చెయ్యి ఆ ముద్ర మీద పెట్టి చూడు."

పెట్టింది. తక్కిన వేళ్ళన్నీ సరిపోయాయి. చిటికెనవేలు మాత్రం ముద్ర చివరిదాకా అందలేదు. ఇన్నాళ్ళ పొగకు అది వంకరపోయింది. వేలు వంగితే జాన తగ్గింది, జాన తగ్గితే ఇరుసు పొట్టిదైంది. గవరమ్మకు సిగ్గేసింది, భయమూ వేసింది. కళ్ళు తుడుచుకుంటూ, పొగకి మండుతున్నాయిరా అంది. పొయ్యి దాదాపు ఆరిపోయింది, ఇంకా పొగ ఎక్కడిదని ఎవరూ అడగలేదు.

"ఇక్కడే ఉంటే రేపు ఇంకో వేలు పోతాది. పెద్దింటికి వెళ్ళు పెద్దమ్మా," అన్నాడు పోలినాయుడు.

"మరి పొయ్యి మండుతున్నట్టు నాకెలా తెలుస్తాదిరా?"

"అక్కడి గోడకి వీపు ఆనించి కూకో. వెచ్చగా తగిలితే మండుతున్నట్టే."

ముద్ర ఉన్న గోడపెళ్ళతో సహా ఆమెను పెద్దింటికి చేర్చారు. అక్కడ వేళ్ళు సరిచేసేవాళ్ళు ఆముదం రాసి, ముద్రలో పెట్టి చూసుకుంటూ చిటికెనవేలు సాగదీశారు. గవరమ్మ జాన పెట్టింది. ఆ కొలతకు ఒక పుల్ల విరిచి బయటికి పంపారు. పనివాళ్ళు పుల్ల చూసి ఇరుసు చెక్కారు, తీసుకెళ్ళి తిరగలికి బిగించారు.

గవరమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. గోడ చల్లగా ఉంది. చాలాసేపు చల్లగానే ఉంది. తర్వాత వీపుకు కాస్త వెచ్చగా తగిలింది. ఆ రోజు ఆమె ఎవరికీ ఏ గొప్పా చెప్పుకోలేదు.

మొండి జన్యువులు కొందరు ఇప్పటికీ పొయ్యి దగ్గరే దగ్గుతూ ఉన్నారు. గవరమ్మ మాత్రం మళ్ళీ పొయ్యి ముఖం చూడలేదు. గోడకు ఆనుకుని కూర్చుంటుంది, వెచ్చదనం తగ్గితే వెంటనే కొలత పుల్ల పంపుతుంది. అప్పటినుంచే మన ఒళ్ళు నిద్రలో కూడా వెచ్చగా ఉంటుంది. గోడ చల్లబడితే గవరమ్మకు కునుకు పట్టదు మరి.