కొర్లయ్య కాళ్లు

సముద్రం ఊరికి ఇంకా దూరంగా ఉండే రోజుల్లో, ఇసుక దిబ్బల వెనక ఓ పల్లె ఉండేదట. ఆ పల్లెలో కొర్లయ్య అనే జాలరి ఉండేవాడట. సొంత పడవ లేదు, సొంత వల లేదు. ఎవరు పిలిస్తే వాళ్ల పడవెక్కేవాడు.

అతని భార్య పైడమ్మ. పొద్దున్నే చేపల గంప నెత్తినెత్తుకుని ఊళ్లు తిరిగేది, దీపాలు పెట్టే వేళకి వచ్చేది. పిల్లలు ముగ్గురు. పెద్దాడు సింహాద్రి కనిపించిన పిల్లల్నల్లా కొట్టేవాడు. నడిమిది నూకాలు ఎవరు పిలిచినా పలికేది కాదు. చంటిది ఆగకుండా ఏడ్చేది.

కొర్లయ్య వేట నుంచి మధ్యాహ్నానికే వచ్చేవాడు. వచ్చి ఒడ్డున మగాళ్లతో కూర్చునేవాడు. అందరూ అలాగే కూర్చునేవారు. ఇల్లూ పిల్లలూ ఆడవాళ్ల పని అనుకునేవారు.

ఓ రోజు గాలి పెరిగి పడవలు పెందలాడే తిరిగొచ్చాయి. ఒడ్డున కూర్చునే వీలు లేక కొర్లయ్య ఇంటికి పోయాడు. చూస్తే చంటిది గుంజకి కట్టేసి ఉంది. కాలికి వలతాడు, నోట్లో ఇసుక. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

"ఎవరు కట్టార్రా?"

"నానే," అన్నాడు సింహాద్రి. "ఊరుకోమంటే ఊరుకోదు. నోరు మూసుకోమన్నాను. నువ్వు మమ్మల్ని అంటావు గదయ్యా, అలాగే."

కొర్లయ్య చెయ్యెత్తాడు. చెయ్యి దిగకముందే పిల్లాడు తలమీద చేతులు అడ్డం పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. మూలనున్న నూకాలూ అలాగే చేసింది.

కొర్లయ్య చెయ్యి దించాడు. తాడు విప్పాడు. పొయ్యి రాజేసి నీళ్లు కాచాడు. గుమ్మంలో కాళ్లు చాపి కూర్చుని, చంటిదాన్ని కాళ్లమీద పడుకోబెట్టుకుని నీళ్లు పోశాడు.

మర్నాడూ పోశాడు. ఆ మర్నాడూ పోశాడు.

ఒడ్డున మగాళ్లు నవ్వారు. "ఏట్రా కొర్లయ్యా, చీర కూడా కట్టుకుంటావేట్రా?"

"నా పిల్లలే గదా," అన్నాడు.

అత్తగారు వచ్చింది. "మా పరువు తీస్తన్నావు అల్లుడూ."

"నా పిల్లలే గదా అత్తా," అన్నాడు.

చివరికి పైడమ్మే అంది. "మొగుడిచేత నీళ్లు పోయిస్తందని ఊరంతా నన్నాడిపోసుకుంటంది. మానెయ్యి."

కొర్లయ్య ఆమె నెత్తిమీది గంప దించాడు. వేడి గంజి తెచ్చి ముందు పెట్టాడు. "నా పిల్లలే గదా పైడీ," అన్నాడు. పైడమ్మ కూర్చుని ఎన్నాళ్లకో వేడిది తాగింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఒక్కసారిగా ఏమీ మారలేదు. సింహాద్రి ఇంకా కొన్నాళ్లు పిల్లల్ని కొడుతూనే ఉన్నాడు. ఎవర్నైనా కొట్టి వచ్చినప్పుడల్లా కొర్లయ్య వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని నీళ్లు అందించమనేవాడు. వానలు వెళ్లేసరికి వాడే ముందుగా కుండ తెచ్చేవాడు. ఓ సాయంత్రం నూకాలు నీళ్లలో వేలు పెట్టి చూసింది.

"కాలిపోతన్నాయయ్యా," అంది.

ఆ పిల్ల తనంతట తాను తండ్రితో అన్న మొదటి మాట అదే. కొర్లయ్య చన్నీళ్లు కలిపాడు.

కొర్లయ్య ముసలివాడై ఓ చలికాలం జ్వరంతో పోయాడు. అప్పటికీ సొంత పడవ లేదు. ఆ మరుసటేడు సింహాద్రికి కొడుకు పుట్టాడు. నీళ్లు పోద్దామని ఆడవాళ్లు చేతులు చాపితే వాడు బిడ్డనివ్వలేదు. గుమ్మంలో కాళ్లు చాపి కూర్చున్నాడు. ఒకప్పుడు ఒడ్డున నవ్విన వాళ్ల కొడుకులు నిలబడి చూశారు. వాళ్లు నవ్వలేదు. తర్వాత తర్వాత వాళ్లూ కూర్చున్నారు.

ఇప్పటికీ ఆ పల్లెలో బిడ్డని ఉయ్యాల్లో వేసే రోజున నీళ్లు పోసేది తండ్రే. బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ముసలమ్మలు, "ఉండమ్మా, కొర్లయ్య కాళ్లొస్తన్నాయి," అంటారు. తండ్రి ఏ పనిలో ఉన్నా లేచొస్తాడు.