గిజిగాడు కట్టిన తేలిక విమానం

నల్లకొండ అడవిలో ఎండ ఎక్కితే చాలు, గద్దలు దిగేవి. ఆ వారంలోనే కుందేలు పిల్లలు రెండు పోయాయి. పొరుగడవి నుంచి అరువు తెచ్చుకున్న డేగలు కాపలాకి వచ్చేసరికే అంతా అయిపోయేది. దాంతో జంతువులన్నీ సభ పెట్టి, గూళ్లు అల్లడంలో ఆరితేరిన గిజిగాడికి పని అప్పగించాయి. మన వెదురుతో మనమే ఒక తేలికపాటి యుద్ధవిమానం కట్టుకోవాలి. నడిపేది ఉడుత.

గిజిగాడు వెదురుబద్దలు చీల్చి, తాటాకు రెక్కలు అల్లి, ముక్కుకి తుమ్మముళ్లు బిగించాడు. వంచిన వెదురుగడ మీద పెట్టి వదిలితే రివ్వున లేచేలా ఉంది.

అది చూసి నక్కకి గుండె జారింది. గద్దలు తిని వదిలేసే ఎముకలన్నీ దానివే మరి.

"బాగుంది అల్లుడూ! కానీ పెద్దల్ని అడక్కుండా కడితే ఎలా?" అంది.

ముందు ఎలుగుబంటి వచ్చింది. "తేనెపట్టు దాచుకోడానికి ఓ అర పెట్టవోయ్."

"యుద్ధానికి తేనె ఎందుకు మామా?"

"మధ్యలో ఆకలేస్తే?"

తర్వాత అడవిదున్న. "మరీ పలచగా ఉంది. తుమ్మచెక్క తొడుగు వెయ్యి."

"బరువెక్కుతుంది పెద్దయ్యా."

"బరువుంటేనేరా భయపడేది!"

మెల్లగా పోవాలంది తాబేలు, లేకపోతే కళ్లు తిరుగుతాయట. నీళ్లలో కూడా ఈదాలంది నీటికోడి. ప్రతి మాటకీ నక్క పక్కనే నిలబడి "అవునవును" అనేది.

గిజిగాడు ఒకటి బిగిస్తే ఇంకోటి ఊడేది. ముక్కెటో తోకెటో అతనికే తెలియకుండా పోయింది. "ఇది ఎగరాలా, ఈదాలా, ఇందులో కాపురం పెట్టాలా?" అని తల పట్టుకున్నాడు.

పరీక్ష రోజు ఉడుత ఎక్కింది. గడ వదిలారు. విమానం లేవలేదు, గడే విరిగింది. తప్పు నీదంటే నీదని అందరూ అరుచుకుంటూ ఉండగానే గద్ద దిగి కుందేలు మూడో పిల్లనీ ఎత్తుకుపోయింది.

తల్లి కుందేలు వచ్చి గిజిగాడి ముందు కూలబడింది.

"నీకేం పెట్టమంటావు పిన్నీ?" అలవాటుగా అడిగేశాడు. అడిగాక సిగ్గుతో చచ్చిపోయాడు.

"గద్ద కిందికి దిగేలోపు ఇది పైకి లేవాలి నాయనా. నాకింకేం వద్దు."

గిజిగాడు లేచి విమానం దగ్గరికి వెళ్లాడు. అర పీకేశాడు, చెక్కలు ఊడదీశాడు. దున్న రంకెలేసినా తలెత్తలేదు.

అప్పటికే నక్క కొండెక్కి గద్దల దగ్గర ఉంది. "అది చచ్చినా లేవదు బాబూ. రేపు అందరూ కలిసి రండి."

మర్నాడు గద్దలు గుంపుగా దిగాయి. కొత్త గడ మీంచి ఉడుత రివ్వున లేచింది. ముళ్లు మొదటి గద్ద ఛాతీలో దిగాయి, రెండోదాని రెక్క చీరాయి. మిగతావి వెనక్కి తిరుగుతూ, పొదలో కూర్చున్న నక్కని చూశాయి.

"లేవదన్నావు కదే!" అంటూ మీద పడ్డాయి.

"నాకూ అర్థం కావట్లేదు బాబూ! నిన్నటిదాకా లేవలేదు!" అని అరుస్తూ, ఒళ్లంతా చీరుకుపోయి, నక్క అడవి దాటి పరిగెత్తింది.

ఒక్క పనికి పుట్టినదాని నెత్తిన పది పనులు పెడితే, ఆ ఒక్కటీ జరగదు.